సూపర్ మార్కెట్‌లో మొక్కలు ఎందుకలా వాడిపోతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ, పాలూ పెరుగూ కొనడానికి వెళ్లి ట్రాలీలో ఒక మొక్క కూడా వేసుకొచ్చే తెలుగువాళ్ల కోసం రాసిన పేజీ ఇది. ఎక్కువమంది అడిగే ప్రశ్నలే తీసుకున్నాను. హైదరాబాద్, విజయవాడల సంగతి చివర్లో వస్తుంది.

అంత పెద్ద షాపులో మొక్కలకు కాసిని నీళ్లు పోసే దిక్కే ఉండదా?

ఉంటుంది. కానీ ఆ పని ఎవరిదన్నది అంత తేలిగ్గా తేలదు.

ఇంటి సామాన్లు, తోట సామాన్లు అమ్మే పెద్ద చైన్ షాపుల్లో చాలాచోట్ల ‘పే బై స్కాన్’ అనే పద్ధతి నడుస్తుంది. ర్యాకులో ఉన్న మొక్క షాపుది కాదు, దాన్ని పెంచిన నర్సరీ కంపెనీది. కౌంటర్లో బార్‌కోడ్ బీప్ మన్నప్పుడే షాపు దాని డబ్బు నర్సరీకి బాకీ పడుతుంది. అప్పటిదాకా ఎండినా కుళ్లినా నష్టం నర్సరీకే. అందుకని నర్సరీ తన తరఫున ఒక మనిషిని పంపుతుంది. ఆ మనిషి చూసుకోవాల్సిన షాపులు చాలా ఉంటాయి. వచ్చిన రోజు ర్యాకులు సర్ది, ఎండినవి తీసేసి, పైపుతో గబగబా తడిపి ఇంకో షాపుకి వెళ్లిపోతారు. మధ్యలో రెండు రోజులు ఎండ మండిపోయిందనుకోండి, షాపు ఉద్యోగి వాటి పక్కనుంచే నడిచి వెళ్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు. అతనికి అప్పగించిన పనుల్లో అది లేదు.

కిరాణా సూపర్ మార్కెట్ల సంగతి వేరు. అక్కడ మొక్కలు చాలావరకు షాపు తన డబ్బుతో కొన్నవే. పూల విభాగంలో ఉండే ఒకరిద్దరికి బొకేలు కట్టడం, బెలూన్లలో గాలి నింపడం, బకెట్లలో నీళ్లు మార్చడంతోనే షిఫ్టు అయిపోతుంది. మొక్కల ర్యాకు తలుపు దగ్గర పెడతారు, అక్కడ కుళాయి ఉండదు. నేల తడిస్తే ఎవరైనా జారిపడి కేసు వేస్తారేమోనన్న భయం ఒకటి. అన్నిటికంటే ముఖ్యం, షాపు లెక్కలో అది పెంచాల్సిన మొక్క కాదు, వారం పది రోజుల్లో పోవాల్సిన సరుకు. పోకపోతే వడలిన పాలకూర కట్టలాగే తీసి అవతల పారేస్తారు.

అసలు ఈ మొక్కలు ఎక్కడినుంచి వస్తాయి?

అమెరికాలో ఇంట్లో పెట్టుకునే ఆకు మొక్కల్లో పెద్ద వాటా ఫ్లోరిడాది. ఓర్లాండో పక్కనున్న అపాప్కా ఊరు తనను తాను ఇండోర్ మొక్కలకు ప్రపంచ రాజధాని అని చెప్పుకుంటుంది. ఫెలనాప్సిస్ ఆర్కిడ్లు చాలావరకు తైవాన్‌లో చిన్న మొక్కలుగా పెరిగి, ఇక్కడి గ్రీన్‌హౌస్‌లలో పూతకు వచ్చి షాపుకు చేరతాయి. యూరప్‌లో ఉన్నవాళ్లు కొనే మొక్కల్లో చాలావాటికి నెదర్లాండ్స్ దారి. అక్కడి ఆల్స్‌మీర్ పూల వేలం కేంద్రం పేరు మీరు వినే ఉంటారు.

దూరం ఒక్కటే కాదు, చీకటి కూడా ఉంది. గ్రీన్‌హౌస్ వెలుతురులో పెరిగిన మొక్క మూసిన ట్రక్కులో రెండు మూడు రోజులు ప్రయాణం చేస్తుంది. దిగాక ట్యూబులైట్ల కింద నిలబడుతుంది. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో దాదాపు 1,00,000 లక్స్ వెలుగు ఉంటే, షాపు లోపల మామూలుగా 500 నుంచి 1,000 లక్స్ మధ్య ఉంటుంది. మన కంటికి షాపు ధగధగలాడుతూ కనిపిస్తుంది కానీ మొక్కకు అది సంధ్యవేళ. తీగ మనీ ప్లాంట్ ఓర్చుకుంటుంది. ఫైకస్ జాతి అయితే ఆకులు రాల్చేస్తుంది. మీ ఇంటికొచ్చిన వారానికి ఆకులన్నీ రాలాయంటే తప్పు మీది కాకపోవచ్చు, ట్రక్కులో జరిగినదానికి ఫలితం ఇప్పుడు కనిపిస్తోందంతే.

నీళ్లు లేకపోవడమే కదా అసలు సమస్య?

సగం సమస్య. రెండో సగం నీళ్లు ఎక్కువ కావడం, అదే ఎక్కువ మొక్కల్ని చంపుతుంది.

ఈసారి ఆర్కిడ్ కొన్నప్పుడు ఇంటికి తెచ్చి వంటగది సింకు దగ్గర ఒకసారి ఊడదీసి చూడండి. పైన అందమైన పింగాణీ కుండీ, దానికి అడుగున చిల్లు లేదు. లోపల పల్చటి ప్లాస్టిక్ కుండీ. పింగాణీ కుండీని వంచితే తేనెరంగు నీళ్లు కారతాయి, కొంచెం వాసన కూడా వస్తుంది. ప్లాస్టిక్ కుండీ గోడకు ఆనుకుని పచ్చగా, గట్టిగా ఉన్న వేళ్లు కనిపిస్తే సంతోషం. గోధుమరంగులో ఉండి, రెండు వేళ్ల మధ్య నొక్కితే పైతోలు జారి లోపల దారం మాత్రమే మిగిలిందంటే ఆ వేరు పోయినట్టే. కొన్నిట్లో నడిమధ్యన, మొక్క చిన్నప్పుడు పెట్టిన నాచు ముద్ద బిగించి కట్టినట్టు ఉంటుంది. చుట్టూ బెరడు ముక్కలు ఎండిపోయినా ఈ ముద్ద తడితడిగానే ఉంటుంది, మొదలు కుళ్లడం అక్కడే మొదలవుతుంది. పైన చూస్తే మాత్రం పది పూలు నవ్వుతూ ఉంటాయి. ఆర్కిడ్ పువ్వు నెలల తరబడి నిలుస్తుంది కాబట్టి వేళ్లు చచ్చిన సంగతి పూలు చెప్పవు.

పండగల ముందు కుండీకి చుట్టే మెరుపు కాగితంతోనూ ఇదే గొడవ. నీళ్లు దిగే దారి ఉండదు.

ఇక పూర్తిగా ఎండిన మొక్కకు ఇంకో బాధ. వీటిని పెంచేది చాలావరకు పీట్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్లి తయారైన పీచుమట్టి) కలిపిన మిశ్రమంలో. పీట్ ఒకసారి బాగా ఎండితే నీటిని తీసుకోదు, కుండీ గోడకు దూరంగా ముడుచుకుపోతుంది. పైనుంచి పోసిన నీళ్లు ఆ సందులోంచి జర్రున కిందికి కారిపోతాయి. షాపులో పైపుతో తడిపారు కాబట్టి మొక్క తాగిందనుకోవద్దు.

ఆర్కిడ్‌కు ఐసు ముక్కలు వేయమని లేబుల్ మీద రాశారు. నిజంగా వేయొచ్చా?

వేయొచ్చు. నాకూ నమ్మబుద్ధి కాలేదు. కానీ ఒహాయో స్టేట్, జార్జియా యూనివర్సిటీల వాళ్లు బెరడులో పెంచిన ఫెలనాప్సిస్ మీద పరీక్షించి చూశారు. 2017లో వచ్చిన వాళ్ల పత్రం ప్రకారం ఐసుతో పూల ఆయుష్షు తగ్గలేదు. నిజానికి ఐసు వల్ల జరిగే మేలు చల్లదనం కాదు, కొలత. వారానికి మూడు ముక్కలంటే జనం చెంబెడు నీళ్లు పోయకుండా ఉంటారు.

పళ్ల దగ్గర పెట్టిన పూల మొక్కలు తొందరగా రాలిపోతాయంటారు, నిజమేనా?

నిజమే. పండుతున్న అరటిపళ్లు, ఆపిల్స్ ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. మామిడికాయల్ని గడ్డిలో కప్పి మాగబెట్టినప్పుడు పని చేసేది కూడా ఇదే. కాయను పండించే ఆ వాయువే పువ్వును ముసలిదాన్ని చేస్తుంది. ఆర్కిడ్ మొగ్గలు విచ్చకుండానే పసుపెక్కి రాలిపోతాయి. క్రిస్మస్‌కు అమ్మే ఎర్ర ఆకుల పాయిన్‌సెట్టియా అయితే ఆకులు కిందికి వాలిపోతాయి. బండ్ల పొగలో కూడా ఎథిలీన్ ఉంటుంది, సరుకు దించే చోట ఇంజిను ఆపకుండా ట్రక్కు నిలబెడితే అదీ దెబ్బే. పెద్ద పెంపకందార్లు ఎథిలీన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు పట్టించి పంపుతారు కానీ అది ఎల్లకాలం పనిచేయదు.

కాబట్టి పళ్ల బల్ల పక్కనున్న మొక్క కంటే దూరంగా ఉన్నదే తీసుకోండి. మీ డైనింగ్ టేబుల్ మీద కూడా అరటిపళ్ల గంపనూ ఆర్కిడ్‌నూ పక్కపక్కన పెట్టకండి.

మంచి మొక్కను ఎలా ఏరుకోవాలి?

ముందు ట్రక్కు ఎప్పుడొస్తుందో అడగండి. చాలా షాపులకు వారంలో ఫలానా రోజు అని ఉంటుంది. పూల విభాగం వాళ్లు దాచరు, సంతోషంగా చెబుతారు. వచ్చిన రోజో మర్నాడో వెళ్తే షాపు చేసిన హాని ఇంకా మొదలై ఉండదు.

తరవాత కుండీ ఎత్తి చూడండి. అదే సైజు కుండీలు రెండు ఎత్తితే ఏది ఎండిందో, ఏది నీళ్లలో నానుతోందో చేతికే తెలిసిపోతుంది. ఆకులు తిరగేసి చూడండి. కాడ, ఆకు కలిసే మూలలో తెల్లటి దూదిపింజ లాంటిది కనిపిస్తే పిండినల్లి. ఆకు అడుగున సన్నటి సాలెగూడు, పైన సూది పొడిచినట్టు లేత చుక్కలు ఉంటే ఎర్రనల్లి. జిగురుగా తగిలితే పేనుబంకో పొలుసు పురుగో ఉంది. కుండీ కదిలిస్తే చిన్న నల్లదోమలు లేచాయంటే మట్టి రోజుల తరబడి తడిగా ఉందని అర్థం. అవి మొక్కను చంపవు, మిమ్మల్ని విసిగిస్తాయి.

పూలన్నీ విచ్చుకున్నదాని కంటే మొగ్గలున్నదే కొనండి. మొదలు దగ్గర వేలితో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే వదిలేయండి.

రంగు వేసిన కాక్టస్, పూలు అతికించిన మొక్కలు కూడా కనిపిస్తున్నాయి. అదేమిటి?

బొత్తిగా అన్యాయం, ఇంకేమీ కాదు. చిన్న కాక్టస్ నెత్తిన ఎండుపూలు వేడి జిగురుతో అతికిస్తారు. మొక్క పూసిందనుకుని కొంటాం. దళసరి ఆకుల్లో నీరు దాచుకునే సక్యులెంట్ల మీద నీలం, గులాబీ, బంగారు రంగు పెయింటు కొడతారు. పెయింటు కింద ఆకుకు వెలుగు అందదు. కొత్తగా వచ్చే ఆకులు మాత్రం ఆకుపచ్చగానే వస్తాయి. పై గులకరాళ్లను కూడా జిగురుతో పలకలా అతికించేస్తారు, రవాణాలో మట్టి ఒలకకుండా. నీళ్లెటు పోవాలి మరి? ఇంటికి తేగానే ఆ రాళ్ల పలకను పగలగొట్టి తీసేయండి. పువ్వును పీకితే కాక్టస్‌కు గాయమవుతుంది, దానంతట అది ఊడేదాకా వదిలేయండి.

ముదురు నీలం ఫెలనాప్సిస్ కూడా రంగు ఎక్కించినదే. మళ్లీ పూస్తే తెల్లగా పూస్తుంది.

సగం ధర స్టిక్కర్ వేసినవి కొనొచ్చా?

ఏ మొక్క అన్నదాన్ని బట్టి. పూలు రాలిపోయి ఆకులు గట్టిగా ఉన్న ఆర్కిడ్ సగం ధరకు దొరికితే వదలొద్దు, దానికేమీ కాలేదు, పూత అయిపోయిందంతే. పీస్ లిల్లీ తలకిందులుగా వాలిపోయి చచ్చినట్టు కనిపిస్తుంది. నీళ్లు పోస్తే కొన్ని గంటల్లో లేచి కూర్చుంటుంది. మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్ ఒక్క కొమ్మో దుంపో బాగుంటే బతికేస్తాయి.

రోజ్‌మేరీ జోలికి పోకండి. ఒకసారి పూర్తిగా ఎండితే అది మళ్లీ లేవదు, కానీ చచ్చిపోయాక కూడా కొన్నాళ్లు ఆకుపచ్చగానే ఉండి మోసం చేస్తుంది. ఆకు తుంచితే వంగకుండా పుటుక్కుమంటే అయిపోయినట్టే. బుల్లి గులాబీలు ఒక కుండీలో మూడు నాలుగు కొమ్మలు గుచ్చి పెంచినవి. ఎర్రనల్లికి అవంటే ప్రాణం. క్రిస్మస్ అయ్యాక మిగిలిన పాయిన్‌సెట్టియాను ఏడాదంతా సాకి మళ్లీ ఎర్రబరచడం సాధ్యమే కానీ, సెప్టెంబర్ నెలాఖరు నుంచి రోజూ 14 గంటలు చిమ్మచీకట్లో పెట్టే ఓపిక ఉండాలి. పురుగు పట్టినది ఉచితంగా ఇచ్చినా వద్దు.

జాలిపడి పూర్తి ధరకు కొనడం మాత్రం చేయకండి. వాడిన మొక్క కూడా అదే ధరకు పోతుంటే నీళ్లు పోయాల్సిన అవసరం ఎవరికుంటుంది? మేనేజర్‌ను పిలిచి తగ్గించమని అడగండి. బేరమాడటం మనకు కొత్త కాదు, ఇక్కడికొచ్చి మొహమాటం నేర్చుకున్నాం.

ఇంటికి తెచ్చిన రోజే కుండీ మార్చాలా?

వద్దు. ముందు ప్లాస్టిక్ తొడుగు, మెరుపు కాగితం తీసేయండి. ఎండి ఉంటే బకెట్లో అరగంట కుండీతో సహా కూర్చోబెట్టండి, అడుగునుంచి పీల్చుకుంటుంది. తరవాత నీళ్లన్నీ ఓడిపోనివ్వండి. రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా వేరే గదిలో ఉంచండి. పురుగు ఉంటే ఈలోపు బయటపడుతుంది. నీరసంగా ఉంది కదా అని ఎరువు వేయకండి, నేరుగా ఎండలోనూ పెట్టకండి. చీకటికి అలవాటు పడిన ఆకు ఒక్క మధ్యాహ్నంలో మాడిపోతుంది.

కుండీ మార్చేటప్పుడు వేళ్ల మధ్యలో వల లాంటి గుడ్డ సంచి కనిపించవచ్చు. కొమ్మ వేళ్లూనడానికి నర్సరీలో వాడిన సంచి అది. కొన్ని వాటంతట అవే చీకిపోతాయి, కొన్ని పోవు. చిన్న కత్తెరతో కత్తిరించి తీసేస్తే మంచిది.

సూపర్ మార్కెట్ బేసిల్ వారంలోనే ఎందుకు చచ్చిపోతుంది?

అది ఒక మొక్క కాదు కాబట్టి. కుండీలో వేళ్లు పెట్టి విడదీసి చూడండి. 20కి పైగా మొలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. కుండీ నిండుగా కనిపించాలని గింజలు గుప్పించి, వెచ్చటి గ్రీన్‌హౌస్‌లో కొద్ది వారాల్లో సాగదీసి పంపుతారు. ఒక్కసారి పాస్తాలో తుంచుకుని పారేయడానికి పెంచినదే అది. దాన్ని నాలుగు భాగాలు చేసి నాలుగు కుండీల్లో నాటి, పై చిగుళ్లు తుంచేస్తే ఎండాకాలమంతా ఉంటుంది. విడదీసిన రెండు రోజులు వాలిపోతుంది, కంగారు పడకండి.

ఇంకో మాట. దీన్ని తులసి అనుకుని కోటలో పెట్టి దీపం వెలిగించేవాళ్లను చూశాను. ఇది తులసికి దగ్గరి చుట్టం, వేసవిలో షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు కాసే మొక్క. భక్తికి అడ్డు చెప్పను కానీ, చట్నీ చేసుకున్నా పాపం లేదు.

ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు మొక్క కొనొచ్చా?

ఏప్రిల్, మే వచ్చిందంటే ఇండియన్ స్టోర్ల ముందు ఇవి బారులు తీరతాయి. ఒక చోట అట్టపెట్టెల్లోంచి తీయకుండానే ఫుట్‌పాత్ మీద వరసగా పెట్టారు. సిమెంటు వేడికి ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి, కుండీ ఎత్తితే ఖాళీ డబ్బాలా ఉంది. కౌంటర్లో ఉన్న కుర్రాణ్ని అడిగాను.

“బాబూ, ఈ మొక్కలు ఎప్పుడొచ్చాయి?”

“గురువారం ట్రక్కులో ఆంటీ. బయట పెట్టమన్నారు, పెట్టాం.”

“నీళ్లు?”

“నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదాంటీ.”

అతని తప్పేమీ లేదు. బియ్యం బస్తాలు దించి, ఆ తరవాత ఇవి దించాడు.

కొనేటప్పుడు ఒక కుండీలో నాలుగైదు సన్న మొలకలు ఉన్నదాని కంటే పెన్సిలంత లావు కాండం ఉన్న ఒకే మొక్క తీసుకోండి. కుండీకి నర్సరీ పేరున్న లేబుల్, తనిఖీ చేసిన గుర్తు ఉన్నాయేమో చూడండి. ఇది ఊరికే చెప్పట్లేదు. కరివేపాకు నిమ్మ, బత్తాయిల కుటుంబానిది. వాటి రసం పీల్చే సిల్లా అనే బుల్లి పురుగుకు కరివేపాకు కూడా ఇష్టం. ఆ పురుగు ఫ్లోరిడాలో 1998లో కనిపించింది. అది మోసుకొచ్చే గ్రీనింగ్ తెగులు 2005లో బయటపడి అక్కడి బత్తాయి తోటల్ని కుప్పకూల్చింది. కరివేపాకుకు ఆ తెగులు సోకదు, పురుగుకు ఇల్లు మాత్రం ఇస్తుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో క్వారంటైన్ ఉన్న ప్రాంతాలనుంచి మొక్కను బయటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. టెక్సాస్‌లో ఉన్న అక్కయ్య కారులో వేసుకొచ్చి ఇస్తానన్నా, ఇండియానుంచి అమ్మ సూట్‌కేసులో పెట్టి తెస్తానన్నా వద్దని చెప్పండి.

చలికాలంలో కరివేపాకు ఆకు రాల్చి పడుకుంటుంది. చచ్చిపోయిందేమో అన్న టెన్షన్‌తో రోజూ నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టేవాళ్లే ఎక్కువ. కాండం మీద గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే మార్చి దాకా వదిలేయండి.

చలికాలంలో కొంటే ఏం జాగ్రత్త తీసుకోవాలి?

షాపు తలుపు నుంచి కారు దాకా నడిచే రెండు నిమిషాలే ప్రమాదం. పాయిన్‌సెట్టియాకు 10 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగితే చాలు, దెబ్బ తగులుతుంది. అంటే 50 ఫారెన్‌హీట్. న్యూజెర్సీ డిసెంబర్ సంగతి చెప్పక్కర్లేదు. కాగితం సంచి తలకిందులుగా తొడగండి, కారు ముందే వేడి చేసుకోండి, మొక్కలు కొన్నాక నేరుగా ఇంటికే వెళ్లండి. ఆటోమేటిక్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా చలిగాలి కొట్టే చోట ఉన్నవాటిని అసలు కొనకండి.

ఈ మొక్కలు బాగోకపోతే నాకొక్కడికే కదా నష్టం?

కాదు. 2009 వేసవి దీనికి మంచి ఉదాహరణ. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఆ ఏడు చల్లగా, వానలతో గడిచింది. పెద్ద పెద్ద చైన్ షాపుల్లో అమ్మిన టమాటా నారు మీద లేట్ బ్లైట్ తెగులు కనిపించింది. 1845లో ఐర్లాండ్‌లో బంగాళదుంపను నాశనం చేసి కరువు తెచ్చిన తెగులు ఇదే. దీని బీజాలు గాలిలో మైళ్ల దూరం పోతాయి. ఇంటి పెరట్లో నాలుగు టమాటా మొక్కలు నాటుకున్నవాళ్లకు ఆకు మీద నూనె మరకలాంటి మచ్చను గుర్తుపట్టడం తెలియదు. వాళ్ల పెరళ్లలోంచి అది రైతుల పొలాల్లోకి పోయింది. సరఫరా కంపెనీ నారును షాపుల నుంచి వెనక్కి తీసుకునేసరికే చాలా మొక్కలు అమ్ముడైపోయాయి. టమాటాతో, బంగాళదుంపతో బతికే సేంద్రియ రైతులు ఆ ఏడు ఘోరంగా దెబ్బతిన్నారు.

ఒకే నర్సరీ వందలాది షాపులకు నారు పంపే పద్ధతిలో ఉన్న లోపమిది. ఒక చోట పుట్టిన తెగులు ఒకేసారి అన్ని ఊళ్లకూ చేరుతుంది. షాపు ర్యాకులో ఆకులు గోధుమరంగు మచ్చలతో, కాడ మీద నల్లటి మరకలతో ఉన్న టమాటా నారును చౌకగా వస్తోంది కదా అని తీసుకోకండి. మీ పెరట్లో కనిపిస్తే పీకి సంచిలో కట్టి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు. అనుమానం ఉంటే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు (పంటలు, తోటల మీద జనానికి సలహాలిచ్చే ఆఫీసు) ఫొటో పంపండి. అక్కడివాళ్లు ఓపిగ్గా జవాబు చెబుతారు. తెలుగువాళ్లు చాలామందికి ఆ ఆఫీసు ఉందనే తెలియదు.

పారేసే మొక్కలు అడిగితే ఇస్తారా?

చాలాచోట్ల ఇవ్వరు. సిబ్బందికి మనసు లేక కాదు. పే బై స్కాన్ షాపులో ఆ మొక్క నర్సరీది. షాపు ముందే కొన్నదైతే, చచ్చిన మొక్కకు సరఫరాదారు నుంచి డబ్బు వెనక్కి రావాలంటే దాన్ని నాశనం చేసినట్టు చూపాల్సి రావచ్చు. అటు మొక్కకు డబ్బు తీసుకుని ఇటు మీకు ఇచ్చేస్తే ఆ ఉద్యోగి ఉద్యోగానికే ఎసరు. చిన్న షాపుల్లో, అలా డబ్బు వెనక్కి రాని మొక్కల విషయంలో అడిగి చూడొచ్చు. డంప్‌స్టర్‌లోంచి తీసుకోవడం చట్టప్రకారం ఒప్పో తప్పో ఊరిని బట్టి మారుతుంది. వీసా మీద ఉన్నవాళ్లు ఆరు డాలర్ల మొక్క కోసం పోలీసులతో మాట్లాడే పరిస్థితి తెచ్చుకోకండి.

కింద రాలిన సక్యులెంట్ ఆకు తీసుకోవచ్చా? దాన్నుంచి మొక్క వస్తుందట.

వస్తుంది. నేల మీద పడినదైతే ఒకసారి అడిగి తీసుకోండి, నవ్వి తీసుకోమంటారు. మొక్క నుంచి తుంచితే దొంగతనం, దానికి వేరే పేరు లేదు. కొన్ని కొత్త రకాలకు పేటెంటు ఉంటుంది, వాటినుంచి పిలకలు చేయకూడదని లేబుల్ మీదే రాస్తారు.

ఫిర్యాదు చేస్తే ఎవరైనా పట్టించుకుంటారా?

ఎవరికి చేస్తున్నారన్నదాని మీద ఉంటుంది. కౌంటర్లో ఉన్న అమ్మాయికి చెబితే “సారీ” అంటుంది, అక్కడితో సరి. కుండీకి గుచ్చిన ట్యాగు మీద పెంచిన కంపెనీ పేరు ఉంటుంది. పే బై స్కాన్ ఉన్న షాపుల్లో ప్రతి చచ్చిన మొక్కకూ డబ్బు పోయేది వాళ్లకే. ర్యాకు ఫొటో తీసి, షాపు ఏ వీధిలో ఉందో, ఏ తేదీన చూశారో రాసి వాళ్ల వెబ్‌సైట్‌లో పంపండి. వాళ్ల మనిషి రావడం లేదన్న సంగతి ఒక్కోసారి మీ మెయిల్ చూసేదాకా వాళ్లకే తెలియదు. కిరాణా సూపర్ మార్కెట్ అయితే స్టోర్ మేనేజర్‌కు చెప్పాలి. “మొక్కలు పాపం” అనకండి, “మీ ర్యాకు చూసి కొనకుండా వెళ్తున్నాను” అనండి. ఆ మాట వినిపిస్తుంది.

హైదరాబాద్, విజయవాడల్లో కూడా ఇంతేనా?

మాల్స్‌లో, హైపర్ మార్కెట్లలో ఏసీ కింద పెట్టిన బుల్లి కుండీల వరకు అంతే. ఏసీ గాలి ఆకుల తేమ లాగేస్తుంది, కిటికీ ఉండదు, అమ్మేవాళ్లకు మొక్కల సంగతి తెలియదు. కానీ మన దగ్గర ఇంకా మొక్కలు ఎక్కువగా అమ్ముడయ్యేది రోడ్డు పక్క నర్సరీల్లోనే. అక్కడ అమ్మే మనిషే యజమాని, పొద్దున్నే బిందెతోనో పైపుతోనో నీళ్లు పోసేదీ అతనే. ఎండిపోతే పోయేది తన డబ్బే కాబట్టి నడివేసవిలో కూడా గ్రీన్ నెట్ కింద మొక్కలు నిలబడతాయి. సరుకు చాలావరకు తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో వస్తుంది. కడియపులంక దగ్గర హైవే మీద వెళ్లినవాళ్లకు ఆ బారులు గుర్తుండే ఉంటాయి.

అక్కడి మొక్కకు వచ్చే చిక్కు వేరు. ఎర్రమట్టిని ముద్దలా బిగించి కడతారు, లారీలో విరగకుండా ఉంటుందని. ఇంట్లో కుండీలో పెట్టాక ఆ ముద్ద ఇటుకలా గట్టిపడి నీళ్లు లోపలికి దిగనివ్వదు. నాటేముందు కాసేపు నీళ్లలో నానబెట్టి, బయటి పొర మట్టిని వేళ్లతో మెల్లగా రాలగొట్టి, కోకోపీట్, పశువుల ఎరువు కలిపిన మట్టిలో పెట్టండి. వేరు తెగేంత కడగకండి.

చచ్చిపోయిన మొక్కను వెనక్కి ఇస్తే డబ్బు ఇస్తారా?

అమెరికాలో తోట సామాన్లు అమ్మే కొన్ని చైన్లు చెట్లకు, పొదలకు, ఏటా మళ్లీ చిగురించే మొక్కలకు ఏడాది గ్యారంటీ ఇస్తాయి. ఒక్క సీజన్‌తో అయిపోయే మొక్కలకు, ఇండోర్ మొక్కలకు నిబంధన వేరుగా ఉండొచ్చు, కొనేటప్పుడే అడగండి. కిరాణా షాపు పూల మొక్కలకు రాతపూర్వక గ్యారంటీ అరుదు, అయినా రెండు మూడు రోజుల్లో తీసుకెళ్తే చాలామంది మేనేజర్లు మాట్లాడకుండా మార్చి ఇస్తారు. ఎండిన మొక్కను కుండీతో, ట్యాగుతో సహా తీసుకెళ్లాలి, రసీదు కావాలి. రసీదు కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది కాబట్టి కొన్నరోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.